మెంతులు ఎన్ని గ్రాములు?

ప్రశ్న: మాది తణుకు దగ్గర పల్లె. నా ఉద్యోగం హైదరాబాదులో. మా నాన్నగారు వరి రైతు, 63 ఏళ్లు, తొమ్మిదేళ్లుగా షుగరు. మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ మాత్రలు వాడుతున్నారు. నాలుగు నెలల కిందట ఆయన స్నేహితుడొకాయన "ఈ ఇంగ్లీషు మందులు కిడ్నీలు తినేస్తాయి" అని చెప్పి పరగడుపున నానబెట్టిన మెంతులు, కాకరకాయ రసం, తిప్పతీగ కషాయం మొదలుపెట్టించారు. వీటికి తోడు నెలకి 1200 రూపాయలు పోసి ఒక చూర్ణం పొట్లం తెస్తున్నారు. దాని మీద పేరూ లేదు, ఊరూ లేదు. ఇద్దరూ రోజూ కాలవగట్టు మీద నడుస్తున్నారు, రాత్రిపూట అన్నం మానేసి జొన్నరొట్టె తింటున్నారు. షుగరు బాగా తగ్గింది. దాంతో నాన్నగారు మాత్రలు సగానికి తగ్గించేశారు, సంక్రాంతికల్లా పూర్తిగా మానేస్తానంటున్నారు. పోయిన నెల ఒకరోజు పొద్దున పదకొండింటికి చెమటలు పట్టి, చేతులు వణికి, చేలో కూలబడ్డారు. బెల్లంముక్క తిన్నాక తేరుకున్నారు. నేను వద్దంటే వాట్సాప్‌లో వచ్చినవన్నీ చూపిస్తారు. "మెంతులతో షుగరు తగ్గుతుందని హైదరాబాదులో ఎన్ఐఎన్ వాళ్లే పరిశోధన చేసి తేల్చారు, నీకేం తెలుసు" అంటారు. ఇవి నిజంగా పనిచేస్తాయా? ఆ పరిశోధనలు నిజమేనా? నాన్నగారికి ఎలా చెప్పాలి? (పేరు వేయవద్దన్న పాఠకురాలు)

జవాబు: పరిశోధనల సంగతి తరవాత. ముందు ఆ చెమటల సంగతి చూద్దాం, అది ఈ వారమే చూడాల్సిన పని.

చెమట, వణుకు, కూలబడటం, బెల్లం నోట్లో పడగానే తేరుకోవడం. ఇది షుగరు బాగా పడిపోయిన లక్షణం. రక్తంలో 70 కంటే దిగితే ఇలా మొదలవుతుంది, ఇంకా దిగితే స్పృహ తప్పుతుంది. ఇంట్లో అందరికీ చెప్పి ఉంచండి: ఇలా అనిపించగానే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించాలి, పావుగంట ఆగి గ్లూకోమీటరుతో చూడాలి, ఇంకా పెరగకపోతే మళ్లీ ఇవ్వాలి. స్పృహ లేని మనిషి నోట్లో మాత్రం ఏదీ పోయకూడదు, ఆస్పత్రికి తీసుకెళ్లాలి. గ్లిమెపిరైడ్ వాడేవాళ్లకి ఒకసారి తేరుకున్నాక కూడా కొన్ని గంటల్లో మళ్లీ పడిపోయే ప్రమాదం ఉంది, పెద్దవయసులో మరీను.

ఇప్పుడు ఆలోచించండి. మాత్రలు సగం చేశాక షుగరు పెరగాలి. పెరగకపోగా కూలబడేంత దిగింది. దీనికి కారణం అయ్యే అవకాశం నాకు రెండింటిలో కనిపిస్తోంది. ఒకటి: నడక, రాత్రి తిండి తగ్గింపు. ఇవి నిజంగా షుగరును దించుతాయి. పైన గ్లిమెపిరైడ్ పనిచేస్తూనే ఉంది, పొద్దున సరిగ్గా తినకుండా చేలోకి వెళితే దిగిపోవచ్చు. రెండోది ఆ పేరులేని పొట్లం. నాకు దాని మీదే ఎక్కువ అనుమానం.

ఎందుకో చెబుతాను. 2008లో సింగపూరులో ఐదు నెలల వ్యవధిలో 150 మంది షుగరు విపరీతంగా పడిపోయి ఆస్పత్రుల్లో చేరారు. వాళ్లెవరికీ షుగరు జబ్బే లేదు. ఆరా తీస్తే మగతనం పెంచుతాయని చాటుగా అమ్మే మాత్రలు బయటపడ్డాయి. వాటిలో మూలికలతోపాటు గ్లిబెన్‌క్లమైడ్ ఉంది, అంటే మీ నాన్నగారి గ్లిమెపిరైడ్‌కి పెద్దన్నలాంటి షుగరు మాత్ర. నలుగురు చనిపోయారు. షుగరు చూర్ణాల్లోనూ ఇలా అల్లోపతి మాత్రలు నూరి కలపడం చాలా దేశాల్లో పట్టుబడింది. మీ నాన్నగారి పొట్లంలో అదే ఉందని నేను అనలేను, పరీక్ష చేస్తే తప్ప ఎవరూ అనలేరు. కానీ "ఇంగ్లీషు మందు మానేశాను" అనుకుంటూ అదే మందును, ఎంత ఉందో తెలియకుండా, నెలకి 1200 పోసి మింగుతూ ఉండవచ్చు. ఆ పొట్లం వెంటనే ఆపాలి. పారేయకండి, డాక్టరుకి చూపించడానికి దాచండి.

కిడ్నీల మాట కూడా ఇక్కడే తేల్చేస్తాను. మెట్‌ఫార్మిన్ కిడ్నీలను తినదు. కిడ్నీలు ముందే బలహీనపడితే దాని మోతాదు తగ్గించాలి, మరీ దెబ్బతింటే ఆపాలి, అందుకే డాక్టర్లు క్రియాటినిన్ పరీక్ష అడుగుతారు. దీన్నే జనం తలకిందులుగా అర్థం చేసుకున్నారు. కిడ్నీలను తినేది ఏళ్ల తరబడి అదుపు తప్పిన షుగరు, బీపీ. ఇక మూలికలంటారా, 1990ల మొదట్లో బ్రస్సెల్స్‌లో ఒళ్లు తగ్గించే చికిత్సలో ఒక చైనా మూలికకి బదులు అరిస్టలోకియా జాతి మూలిక పొరపాటున కలిసి దాదాపు వందమంది ఆడవాళ్ల కిడ్నీలు పోయాయి. మన చేలగట్ల మీద కనిపించే గాడిదగడపాకు కూడా ఆ జాతిదే.

ఇక మెంతులు. మీ నాన్నగారు చెప్పింది అబద్ధం కాదమ్మా, మీరు ఒప్పుకోవాలి. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ, అదే ఎన్ఐఎన్, మెంతుల మీద నిజంగానే పనిచేసింది. 1990లో వచ్చిన వాళ్ల వ్యాసం ఒకటి నేను పాఠాలు చెప్పే రోజుల్లో పిల్లలకి చూపించేవాణ్ణి. మెంతులు తిన్న పదిరోజుల్లో పరగడుపు షుగరు తగ్గింది, 24 గంటల మూత్రంలో పోయే చక్కెర 54 శాతం తగ్గింది. చదవగానే ఎవరికైనా ఉత్సాహం వస్తుంది.

నేను పిల్లల్ని అడిగే మొదటి ప్రశ్న మాత్రం ఇది: ఎన్ని గ్రాములు?

రోజుకి 100 గ్రాములు. నూనె తీసేసిన మెంతిపిండి, మధ్యాహ్నం సగం, రాత్రి సగం, భోజనంలో కలిపి పెట్టారు. మన ఇళ్లలో ఆవకాయ పెట్టే రోజున తప్ప అన్ని మెంతులు ఒక్కరోజులో ఖర్చు కావు. మీ నాన్నగారు రాత్రి నానబెట్టేది ఒక చెంచాడు, మహా అయితే నాలుగైదు గ్రాములు. రెండో ప్రశ్న: ఎవరికి పెట్టారు? ఇన్సులిన్ మీద ఆధారపడ్డ టైప్-1 రోగులకి, కొద్దిమందికి. మీ నాన్నగారిది ఆ రకం కాదు. మూడోది: ఎన్నాళ్లు? పది రోజులు. ఇన్సులిన్ మానేసి మెంతులు తినమని ఆ వ్యాసం చెప్పలేదు, చెప్పాలన్నది దాని ఉద్దేశమూ కాదు. మెంతుల్లో జిగురుగా ఉండే పీచు అన్నంలోని చక్కెర పేగులోంచి ఎక్కే వేగాన్ని తగ్గిస్తుందన్నది అందులోని కిటుకు. చెంచాడు మెంతులకి కూడా ఆ పీచు కొంత ఉంటుంది, కాబట్టి తింటే తప్పులేదు. తిననివ్వండి. అది మాత్రల పని చేస్తుందని మాత్రం ఎన్ఐఎన్ అనలేదు.

చూశారా, పరిశోధన నిజమే, వాట్సాప్ దాకా వచ్చేసరికి గ్రాములు రాలిపోయాయి, రోగుల రకం రాలిపోయింది, పది రోజులన్న మాట రాలిపోయింది, "తేలింది" ఒక్కటే మిగిలింది. దీని మీద మీరు "అంతా అబద్ధం" అని మీదపడితే ఆయన ఆ వ్యాసం తెచ్చి మీ ముందు పెడతారు, అప్పుడు ఓడిపోయేది మీరు.

నాకు మెంతుల కంటే ఇష్టమైన ఉదాహరణ ఒకటుంది, దొండ. బెంగళూరులో చేసిన పరీక్ష, 2008లో అచ్చయింది. కొత్తగా షుగరు బయటపడ్డ 60 మందిని తీసుకుని, చీటీలు వేసినట్టు ఇద్దరికి ఒకరు చొప్పున విడదీసి, సగంమందికి దొండ మొక్క సారం రోజుకి 1 గ్రాము, మిగతా సగానికి చూడటానికి అలాగే ఉండే ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. ఎవరికి ఏది అందిందో తినేవాళ్లకీ తెలియదు, ఇచ్చేవాళ్లకీ తెలియదు. 90 రోజుల తరవాత దొండ సారం తిన్నవాళ్ల పరగడుపు షుగరు 16 శాతం తగ్గింది. పెరటి పాదు మీద ఇంత పద్ధతిగా పని జరగడం నాకు ముచ్చటేస్తుంది, మన మూలికల్లో చాలావాటికి ఇది కూడా జరగలేదు. అయినా చూడండి: కొత్తగా బయటపడ్డవాళ్లు, మందులు ఇంకా అవసరం పడనివాళ్లు, మూడు నెలలు. తొమ్మిదేళ్ల షుగరుకి ఈ లెక్క నేరుగా అతకదు. పైగా అది సారం. దొండకాయ వేపుడు గురించి అందులో ఏమీ లేదు!

కాకరకాయ సంగతి క్లుప్తంగా. చేదు తింటే తీపి విరిగిపోతుందన్న నమ్మకం మనకి ఉంది. 2012లో కాక్రేన్ అనే అంతర్జాతీయ సంస్థ కాకర మీద అప్పటిదాకా జరిగిన మంచి పరీక్షలన్నీ పోగుచేసింది. దొరికినవి నాలుగు, మొత్తం 479 మంది. ఉత్తుత్తి మాత్ర కంటే గట్టిగా తగ్గించినట్టు కనబడలేదు. కూరగా తింటే హాయిగా తినండి. గ్లాసుల కొద్దీ రసం పరగడుపున, అదీ గ్లిమెపిరైడ్ వేసుకునే మనిషి, ఒకసారి చేలో కూలబడ్డాక, తాగొద్దనే నా మాట.

తిప్పతీగ దగ్గర నేను కొంచెం గట్టిగా మాట్లాడతాను. కరోనా రోజుల్లో ఊరూరా గోడల మీది తీగ కోసి కషాయం కాచుకున్నాం కదా. ఆ తరవాత ముంబై డాక్టర్లు ఆరుగురు రోగుల కాలేయం దెబ్బతిన్న సంగతి రాశారు. అది పొరపాటని, అలాగే కనిపించే వేరే తీగ అయి ఉంటుందని ఆయుష్ మంత్రిత్వ శాఖ అభ్యంతరం చెప్పింది. 2022లో దేశంలోని 13 ఆస్పత్రులు కలిసి 43 మంది వివరాలు ప్రచురించాయి. చాలామందిలో శరీరం తన కాలేయం మీద తనే యుద్ధం చేసే తీరు కనిపించింది. కోట్లమంది తాగితే 43 ఎంత అని మీరు అడగవచ్చు, సరైన ప్రశ్నే. అందరికీ రాదు. ఎవరికి వస్తుందో ముందే చెప్పలేం, అదే చిక్కు. థైరాయిడ్‌లాంటి ఆటోఇమ్యూన్ జబ్బులున్నవాళ్లు, కాలేయం ముందే బాగాలేనివాళ్లు దాని జోలికి పోకపోవడం మేలు. మీ నాన్నగారు నాలుగు నెలలుగా రోజూ తాగుతున్నారు. ఆపించి, ఒకసారి ఎల్ఎఫ్‌టీ, అంటే కాలేయం పనితీరు చూసే రక్తపరీక్ష, చేయించండి. కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగుకి తిరిగినా, ఒళ్లు దురద పెట్టినా, అన్నం సహించకపోయినా అసలు ఆలస్యం చేయకండి.

"ఆకుపసరు చాలు, రసాయనాలు వద్దు" అనే పెద్దాయనకి ఒక కథ చెప్పండి. యూరప్‌లో గలేగా అని ఒక మొక్క ఉంది, చిక్కుడు జాతి, ఊదారంగు పూలు. అతిమూత్రానికి అక్కడి నాటువైద్యులు దాన్ని ఎప్పటినుంచో వాడేవారు. దాంట్లో షుగరు దించే పదార్థం ఉందని కనుక్కున్నారు, మనుషులకిచ్చి చూస్తే విషం పాలు ఎక్కువైంది. దాన్ని పోలిన, విషం తక్కువున్న మందును 1922లో డబ్లిన్‌లో తయారుచేశారు. తయారుచేసి మరచిపోయారు. 1957లో పారిస్‌లో జాన్ స్టెర్న్ అనే వైద్యుడు దాన్ని షుగరు రోగులకి ఇచ్చి చూశాడు. అదే మెట్‌ఫార్మిన్! మీ నాన్నగారు మానేస్తానంటున్న మాత్రకి మూలం ఒక పశువుల మేత మొక్క. ఆకు నుంచి మాత్ర దాకా రావడానికి పట్టిన ఏళ్లన్నీ ఎందుకయ్యా అంటే, ఎంత ఇస్తే మేలు, ఎంత ఇస్తే కీడు అన్న లెక్క తేలడానికి. అక్కడితోనూ ఆగలేదు. బ్రిటన్‌లో బరువెక్కువున్న 342 మంది షుగరు రోగులకి మెట్‌ఫార్మిన్ ఇచ్చి పదేళ్లకు పైగా వెంట ఉండి చూశారు. షుగరు వల్ల వచ్చే చావులు 42 శాతం తగ్గాయని 1998లో ప్రకటించారు. మీటరు మీద అంకె తగ్గడం వేరు, మనిషి ఎక్కువకాలం బతకడం వేరు. మన మూలికల్లో షుగరుకి ఆ రెండో లెక్క చూసినది నాకు ఒక్కటీ కనిపించలేదు. మొక్కలు పనికిరావనడం నా ఉద్దేశం కాదు. మలేరియాకి తూ యూయూ మాచిపత్రి జాతి మొక్క నుంచి మందు తీసి 2015లో నోబెల్ అందుకున్నారు. పాత చైనా గ్రంథంలో మొక్కను కాచమని కాక, నీళ్లలో నానబెట్టి పిండమని ఉండటం చూసి, వేడికి మందు చెడిపోతోందేమోనని ఆవిడకి తట్టింది. పాత పుస్తకాన్ని అంత శ్రద్ధగా చదివి, ఆ మాటను మళ్లీ పరీక్షకి పెట్టినవాళ్లని నేను గౌరవిస్తాను.

ఇక మీ మూడో ప్రశ్న, ఎలా చెప్పాలని. మీ నాన్నగారు వరి రైతు. మీకు అదే దారి.

మార్టేరు వరి పరిశోధన కేంద్రం నుంచి కొత్త వంగడం వచ్చినప్పుడు ఏం చేస్తారు? ముందు చిరుసంచులు ఇస్తారు. రైతు తన చేలో ఒక మడిలో కొత్తది, పక్క మడిలో ఎప్పుడూ వేసే స్వర్ణ వేస్తాడు. నీరు ఒకటే, ఎరువు ఒకటే. పక్క మడి లేకుండా "బస్తాలు ఎక్కువ వచ్చాయి" అంటే మీ నాన్నగారే ఒప్పుకోరు. ఈ ఏడు వానలు బాగా పడ్డాయి కదా, దోమ పడలేదు కదా అంటారు. ఒక్క రైతు చేలో చూసి, ఒక్క సార్వా చూసి వంగడం విడుదల చేయరు. వైద్యంలో మంచి పరీక్ష అంటే కూడా ఇంతే. ఉత్తుత్తి మాత్ర తినే సగంమందే ఆ పక్క మడి.

ఇప్పుడు ఆయన్నే అడగండి: "నాన్నా, నువ్వు నాలుగు నెలల్లో ఒకేసారి నడక మొదలుపెట్టావు, రాత్రి అన్నం మానేశావు, మెంతులు, కాకర, తిప్పతీగ, చూర్ణం అన్నీ వేశావు. పంట బాగా వచ్చింది. ఏ ఎరువుకి వచ్చిందో ఎలా తెలుస్తుంది?" ఆయన ఆలోచిస్తారు. నా లెక్కలో అయితే ఆ ఘనతలో పెద్దభాగం కాలవగట్టుది, జొన్నరొట్టెది. ఆ స్నేహితుణ్ణి తిట్టకండి, దయచేసి. తొమ్మిదేళ్లలో ఏ డాక్టరూ చేయించలేని నడకను ఆయన చేయించారు.

"ప్రభుత్వమే అనుమతి ఇచ్చింది" అన్న మాట కూడా మీ ఇంట్లో వస్తుంది, చూడండి. 2021 మే నెలలో ఆనందయ్య కరోనా మందు కోసం కృష్ణపట్నం ముందు బారులు తీరిన జనం గుర్తున్నారు కదా. నెలాఖరుకి కంటిచుక్కలు తప్ప మిగతావాటికి అనుమతి వచ్చింది. హాని కనిపించలేదనీ, కరోనా తగ్గుతుందనడానికి ఆధారం లేదనీ రెండు ముక్కలూ చెప్పారు. జనం చెవిన మొదటి ముక్కే పడింది. ఆయుర్వేద గ్రంథాల్లో ఉన్న పాత మందులకి లైసెన్సు ఇచ్చేటప్పుడు మనుషుల మీద పరీక్షలు అడగరు, కాబట్టి పెట్టె మీది లైసెన్సు నంబరు చూసి పనిచేస్తుందని అనుకోనక్కరలేదు. షుగరును నయం చేస్తామని ప్రకటించడమే మన దేశంలో 1954 చట్టం ప్రకారం నేరం. ఆ వాట్సాప్ బొమ్మల్లో సగం ఆ నేరం కిందికే వస్తాయి.

"పరీక్షలు జరుగుతున్నాయి" అన్నవాళ్ల మాట సరిచూసుకోవాలంటే సీటీఆర్ఐ అని జాతీయ రిజిస్ట్రీ ఉంది, 2007 నుంచి. మనుషుల మీద చేసే పరీక్షలు, ఆయుర్వేదంవి సహా, అందులో నమోదు కావాలి. పేరు కొట్టి వెతకవచ్చు, డబ్బులు అక్కర్లేదు. నమోదైనంత మాత్రాన గెలిచినట్టు కాదు, అది పరీక్ష హాల్లో హాజరు పట్టీ లాంటిది. కానీ అందులోనూ లేనిది ఎక్కడ "తేలిందో" అడగొచ్చు.

ఈ శనివారం ఊరెళ్లండి. మాత్రల అట్టలు, పొట్లం, కషాయం చెక్క, అన్నీ ఒకే సంచిలో వేసి ఆయన్ని వెంటబెట్టుకుని పాత డాక్టరు దగ్గరికే వెళ్లండి. "మా నాన్న నాటుమందు తింటున్నారండీ" అని సిగ్గుపడుతూ చెప్పకండి, అన్నీ బల్లమీద పెట్టి ఏది ఎంత తింటున్నారో ఆయన చేతే చెప్పించండి. హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగరు చూపే పరీక్ష), క్రియాటినిన్, ఎల్ఎఫ్‌టీ మూడూ చేయించండి. కూలబడిన సంగతి మొదట చెప్పండి, దాన్నిబట్టి గ్లిమెపిరైడ్ తగ్గించాలా ఆపాలా అన్నది డాక్టరు తేలుస్తారు. నడక ఇలాగే సాగితే నిజంగానే ఒక మాత్ర తగ్గవచ్చు. అది మీ నాన్నగారి గెలుపే అవుతుంది, ఆయనకి ఆ మాట డాక్టరు నోట వినిపించండి. డాక్టరు విసుక్కుని "ఇవన్నీ ఎవడు తినమన్నాడు" అని కసిరేవాడైతే ఇంకో డాక్టరును వెతకండి, ఎందుకంటే కసిరించుకున్న రోగి ఇకమీదట చెప్పకుండా తింటాడు. మందుల వల్ల ఏదైనా చెడు జరిగిందని అనుమానం వస్తే 1800-180-3024 నంబరుకి ఉచితంగా ఫోన్ చేసి చెప్పవచ్చు.

చూర్ణం, తిప్పతీగ, కాకర రసం ఆపండి. మెంతులు ఉండనివ్వండి, ఆయనదీ ఒక మాట నెగ్గాలి కదా. ఒక నోటుపుస్తకం, గ్లూకోమీటరు స్ట్రిప్పులు మీరే కొనుక్కుని వెళ్లండి. పరగడుపు అంకె, తిన్న రెండు గంటల తరవాతి అంకె, ఆ రోజు నడిచారా లేదా, ఏం తిన్నారు, ఇవి ఆయన చేత్తోనే రాయమనండి. ఎకరానికి ఎన్ని బస్తాలో ఏళ్ల తరబడి రాసుకునే మనిషికి ఇది పెద్ద పనేం కాదు. స్ట్రిప్పుల డబ్బా కొనేటప్పుడు గడువు తేదీ చూసుకోండి, పాతవైతే అంకెలు తప్పు చూపిస్తాయి.